చెవిలో చెప్పిన పేరు

1948 జూలైలో టర్కీ పార్లమెంటు 5245వ నంబరు చట్టం చేసింది. చట్టాల పేర్లు ఏ దేశంలోనైనా భూమి, పన్ను, జీతభత్యాలు అంటూ పొడిపొడిగా ఉంటాయి. ఈ చట్టం పేరులో మాత్రం ఇద్దరు ఆడపిల్లలున్నారు. ఇదిల్ బిరెట్‌కి అప్పటికింకా ఏడేళ్లు నిండలేదు. సునా కాన్‌కి పదకొండేళ్లు. ఒకరిది పియానో, మరొకరిది వయొలిన్. ఇద్దరినీ ప్రభుత్వ ఖర్చుతో విదేశాలకు పంపి సంగీతం చెప్పించాలన్నదే ఆ చట్టం సారాంశం. 1956లో 6660వ నంబరు చట్టంతో ఆ అవకాశం కళల్లో అసాధారణ ప్రతిభ చూపిన ఇతర పిల్లలకూ దక్కింది. పియానిస్టు గుల్సిన్ ఒనాయ్ పన్నెండేళ్ల వయసులో పారిస్ చేరింది ఆ దారినే.

ఆ రెండు పేర్లూ టర్కీవాళ్ల చెవికి ఉత్త పేర్లుగా వినిపించవు. సునా అంటే బాతు. అక్కడి జానపద పాటల్లో అందగత్తెను, మనసిచ్చిన పిల్లను అలా పిలుస్తారు. ఇదిల్ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఐరోపా భాషల నుంచి వచ్చిన అర్థం పల్లెపట్టు ప్రశాంతతను పాడే చిన్న కవిత. అంతకన్నా పాతది తురుష్క జాతుల అర్థం: వోల్గా నదికి వాళ్లు పెట్టుకున్న పేరు అదే. మన పేర్లలో చాలావాటికి అర్థం కావాలంటే సంస్కృతం తెలిసినవాళ్లను అడగాలి. టర్కీలో ఆ అవసరం తక్కువ. అరబ్బీ, పారసీక పేర్లు కోకొల్లలుగా ఉన్నా, పక్కనే వాడుక మాటలు కూడా పేర్లుగా తిరుగుతుంటాయి. యామూర్ అని పిలిస్తే వానా అని పిలిచినట్టే. దెనిజ్ సముద్రం, బరిష్ శాంతి, ఉముత్ ఆశ. టర్కీ భాషలో లింగభేదం లేదు, ఆమెకూ అతనికీ ఒకటే సర్వనామం. అందుకే దెనిజ్ అబ్బాయి కావచ్చు, అమ్మాయీ కావచ్చు. అక్కడ పేరంటే ఇంటివాళ్లు బిడ్డతో అనే మొదటి మాట. ఆ మాటకు తగ్గట్టు బతకడం బిడ్డ వంతు. టర్కీ పేర్ల సంప్రదాయంలో నన్ను కట్టిపడేసింది ఈ రెండో సగమే.

పేరు పెట్టే తంతు చాలా కుటుంబాల్లో ఇప్పటికీ ఇలాగే సాగుతుంది. ఇంటి పెద్దో ఇమామో బిడ్డను చేతుల్లోకి తీసుకుని కిబ్లా వైపు, అంటే మక్కా దిశకు తిరుగుతారు. కుడి చెవిలో నమాజు పిలుపైన అజాన్, ఎడమ చెవిలో నమాజు మొదలయ్యే ముందు పలికే ఇకామత్ చదివి, పేరును మూడుసార్లు చెబుతారు. బారసాలలో తండ్రి బిడ్డ చెవిలో పేరు చెప్పడం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. బొడ్డు కోసేటప్పుడు పెట్టే పేరు ఇంకొకటి ఉంటుంది, దాన్ని బొడ్డుపేరు అనే అంటారు. తాతదో నానమ్మదో పేరు తరచుగా ఆ చోటులో నిలుస్తుంది. పెద్దల దీవెన కూడా పేరు చుట్టూనే: పేరుతో పాటు చల్లగా బతకాలి అని. పేరుకు తగ్గట్టు పెరిగినవాణ్ణి మనం సార్థక నామధేయుడు అంటాం. ఒట్టోమన్ల నాటి టర్కీ భాషలో సరిగ్గా అదే అర్థంతో ఒక నానుడి ఉంది, చదువుకున్నవాళ్లు ఇప్పటికీ వాడతారు.

పేరు కట్టే పనితనం కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఆయ్ అంటే చందమామ, గుల్ అంటే గులాబీ, నూర్ అంటే వెలుగు. ఈ మూడింటితో ఆయ్‌గుల్, గులాయ్, ఆయ్‌నూర్, నురాయ్, గుల్‌నూర్, నుర్‌గుల్ అని ఆరు పేర్లు తయారవుతాయి. ముందుది వెనక్కి, వెనకది ముందుకి తిప్పితే కొత్త పేరు, కొత్త లయ. గుల్ అనే మాటకు నవ్వు అనే అర్థం కూడా ఉంది కాబట్టి గులాబీ పేరు పెట్టుకున్న ప్రతి పిల్లకూ నవ్వమనే దీవెన కూడా అందుతుంది.

క్రియలు పేర్లవడం ఇంకా ఆసక్తికరం. దుర్సున్ అంటే ఉండనీ, నిలవనీ అని. యషార్ అంటే బతుకుతాడు. దుర్ముష్ అంటే నిలిచాడు. పుట్టిన బిడ్డలు పోతూ ఉన్న ఇళ్లలో ఆ తర్వాతి బిడ్డకు పెట్టిన పేర్లివి. కాలం, విధి, ప్రార్థన అన్నీ ఒక్క క్రియారూపంలో ఇమిడిపోతాయి. సతిల్మిష్ అనే పేరుకు అమ్ముడుపోయినవాడు అని అర్థం. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తవిటయ్య, తవిటమ్మ అనే పేర్లు విన్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. బిడ్డ దక్కాలని పొరుగువాళ్ల చేతిలో పెట్టి, గుప్పెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కున్న తల్లుల బాధే టర్కీలోని అనతోలియా పల్లెల్లోనూ ఉంది. ఇన్ని వేల మైళ్ల దూరంలో, ఇంత వేరైన మతంలో, మృత్యువును ఏమార్చడానికి తల్లులకు తోచిన ఉపాయం ఒకటే కావడం నన్ను చాలా కదిలించింది.

అన్ని పేర్లూ దీవెనలు కావు. యెతెర్ అంటే చాలు. సోన్‌గుల్ అంటే చివరి గులాబీ. వరసగా ఆడపిల్లలు పుట్టిన ఇంట్లో ఇక చాలనుకుని పెట్టిన పేర్లు. ఆ పేరు మోసిన స్త్రీని ఎవరు పిలిచినా, పిలిచిన ప్రతిసారీ ఆమె పుట్టుక మీద తీర్పు వినిపిస్తుంది. సంప్రదాయం గొప్పదని చెప్పేవాళ్లు ఈ పేర్లను దాటవేయకూడదు.

పేరు సంపాదించుకునేదనే నమ్మకం దెదె కోర్కుత్ కథల్లో ఉంది. ఓగుజ్ తురుష్కుల ఈ వీరగాథల ప్రాచీన ప్రతులు డ్రెస్డెన్‌లోనూ వాటికన్‌లోనూ ఉన్నాయి. ఈ కథల వారసత్వాన్ని 2018లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. వీటిలో కుర్రవాడు ఏదో ఒక సాహసం చేస్తే తప్ప పేరు పుట్టదు. దిర్సే ఖాన్ కొడుకు పదిహేనేళ్ల వయసులో సావాసగాళ్లతో ఆడుకుంటుండగా ఓగుజ్‌ల రాజు బాయిందిర్ ఖాన్ ఆబోతును మైదానంలోకి వదులుతారు. తోటి పిల్లలు పారిపోతారు, ఇతను నిలబడతాడు. ఆబోతు నుదుటి మీద పిడికిలి ఆనించి తోసుకుంటూ పోతాడు, చివరకు చటుక్కున చెయ్యి తీసేస్తాడు, ఆబోతు బోర్లా పడుతుంది. అప్పుడు ఈ కథల్లోని జ్ఞాని, ముసలి దెదె కోర్కుత్ వచ్చి బొగాచ్ అని పేరు పెడతాడు. ఆబోతు అనే మాట నుంచి పుట్టిన పేరది.

ఇదిల్ బిరెట్ జీవితాన్ని ఈ కథ పక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. అంకారాలో 1941లో పుట్టిన ఆమె మిత్‌హత్ ఫెన్‌మెన్ దగ్గర పియానో మొదలుపెట్టి, పారిస్ కన్సర్వేటరీలో నాదియా బూలాంజే శిష్యురాలయ్యారు. పదకొండేళ్లకు పారిస్‌లో పియానిస్టు విల్‌హెల్మ్ కెంప్ఫ్ పక్కన కూర్చుని మొజార్ట్ రెండు పియానోల కన్చెర్టో వాయించారు. పదిహేనేళ్లకు మూడు ప్రథమ బహుమతులతో చదువు ముగించారు. తర్వాత షోపాన్ పియానో రచనలన్నీ రికార్డు చేశారు, బేథోవెన్ తొమ్మిది సింఫనీలకు లిస్ట్ రాసిన పియానో రూపాలన్నీ రికార్డు చేశారు. ఆర్కెస్ట్రా మొత్తం పలకాల్సిన సంగీతాన్ని పది వేళ్లతో మోయాల్సిన రచనలవి. ఫ్రెంచి సంగీతకర్త పియేర్ బూలేజ్ మూడు సొనాటాలనూ వదల్లేదు. ఆ సొనాటాల్లో స్వరాలు చెల్లాచెదురుగా పగిలి మీద పడతాయి, పల్లెపట్టు ప్రశాంతత మచ్చుకైనా కనిపించదు. ఆమె విషయంలో నాకు కవిత కన్నా నదే సరైన అర్థమనిపిస్తుంది. ఐరోపాలో అన్నిటికన్నా పొడవైన నది వోల్గా.

1934లో ఇంటిపేర్ల చట్టం వచ్చాక ఈ పేర్ల కళ పెద్దవాళ్లకూ పనిపెట్టింది. అప్పటిదాకా అందరికీ స్థిరమైన ఇంటిపేరు ఉండేది కాదు. ఇక ప్రతి కుటుంబమూ ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది. ఆ తరం సంగీతకర్తల ఇంటిపేర్లు వినండి. నెజిల్ కాజిమ్ అక్సెస్: అక్ అంటే తెలుపు, సెస్ అంటే గొంతు. ఉల్వి జెమాల్ ఎర్కిన్: ఎర్కిన్ అంటే స్వేచ్ఛ గలవాడు. కొత్త రిపబ్లిక్ తన గురించి తాను ఏమనుకుందో ఈ ఇంటిపేర్లే చెబుతాయి. అదే రిపబ్లిక్ మరోవైపు గట్టిగా తలుపు మూసింది. 1928లో తెచ్చిన 29 అక్షరాల లిపిలో కుర్దు భాషకు అవసరమైన కొన్ని అక్షరాలు లేవు. మాతృభూమి అనే అర్థమున్న వెలాత్ వంటి పేరును కుర్దు తల్లిదండ్రులు తమ స్పెల్లింగుతో రిజిస్టరులో రాయించుకోవడానికి కోర్టుల దాకా వెళ్లాల్సి వచ్చింది. బిడ్డతో అనే మొదటి మాటను సర్కారు దిద్దడం అన్యాయం. అందులో ఏ సందేహమూ లేదు.

నేటి తరం పియానిస్టుల్లో ఫాజిల్ సాయ్ పేరు చూడండి. ఫాజిల్ అంటే గుణవంతుడు, విద్వాంసుడు. అక్బరు కొలువులోని అబుల్ ఫజల్ పేరులో ఉన్న అరబ్బీ ధాతువే ఇది. సాయ్ అంటే లెక్కపెట్టు అనీ, గౌరవించు అనీ. తాళం లెక్కపెట్టే పని ఆయనది, గౌరవించే పని కూడా. అంధుడైన జానపద గాయకుడు ఆషిక్ వెయ్‌సెల్ పాటను ఆధారం చేసుకుని 1997లో ఆయన నల్లమట్టి అనే అర్థం వచ్చే కారా తొప్రాక్ అనే రచన చేశారు. అది వాయించేటప్పుడు ఎడమ చేతిని పియానో లోపలికి పోనిచ్చి తీగల్ని అదిమి పడతారు, కుడి చేత్తో మెట్లు నొక్కుతారు. మోగాల్సిన స్వరం సగంలో బిగుసుకుని, లోహపు మెరుపు పోయి, పొడిగా తెగిపడుతుంది. అచ్చంగా వెయ్‌సెల్ చేతిలోని సాజ్ వాద్యం పలికినట్టు ఉంటుంది. పారిస్‌లోనో వియన్నాలోనో తయారైన పద్ధతిని వెయ్‌సెల్ పుట్టిన సివాస్ పల్లె మట్టికి వంచిన చెయ్యి అది.

ఆయన రాసిన మూడు బలాడ్లలో రెండిటికి మనుషుల పేర్లే ఉన్నాయి. ఒకటి నాజిమ్, కవి నాజిమ్ హిక్మెత్ కోసం. నాజిమ్ అంటే పద్యాలల్లేవాడు, హిక్మెత్ అంటే వివేకం. రెండోది కుమ్రు. అది ఆయన కూతురి పేరు, అర్థం గువ్వ. బహుశా ఆయన రచనలన్నిటిలోకీ టర్కీలో పిల్లలు పియానో మీద ఎక్కువగా ప్రయత్నించేది ఇదే. నాలుగు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా సాగే సరళమైన రాగం. కష్టమైన చోట్లు పెద్దగా ఉండవు, కానీ ఎడమ చేతి మంద్రం ఏమాత్రం బరువెక్కినా రాగం నలిగిపోతుంది.