రెండు తెలుపుల నడుమ ఎరుపు

తంబళ్లపల్లె, ములకలచెరువు, బి.కొత్తకోట వైపు నుంచి పెండ్లి జవుళికి మదనపల్లెకు దిగే కుటుంబాలు రెండు రకాల తెల్లబట్ట అడుగుతాయి. ఒకటి మధుపర్కాలు: నూలు చీర, నూలు పంచె, రెండూ తెలుపే, రెంటికీ ఎర్ర అంచు. రెండోది చర్చి పెండ్లికి కట్టే తెల్లచీర. దాని అంచు కూడా తెలుపో, వెండి జరీయో. తలమీదికి పల్చటి మేలిముసుగు. ఈ రెండిళ్ల పెండ్లికూతుళ్ల నోటా ఈమధ్య ఒకే మాట వినిపిస్తోంది: "నాకు ఎరుపు కావాల." రెండిళ్లలోనూ పెద్దవాళ్లు ఒకేలా ఉలిక్కిపడతారు. పైకి ఒకటే కోరిక. పక్కపక్కన పెట్టి చూస్తే దేని బరువు దానిదే. చర్చిలో ఎరుపు కట్టుకుంటానన్న పిల్ల పక్షాన నేను నిలబడతాను. మధుపర్కం వద్దు, ఎర్ర లెహంగా చాలన్న పిల్లతో మాత్రం కాసేపు వాదం పెట్టుకుంటాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ రెండు తెలుపులనూ దగ్గరగా చూడాలి.

మధుపర్కంలో తెలుపు ఒక్కటే ఉండదు. అంచున ఎరుపు, కొసలకు పసుపు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబారుతుంది. పారాణి అయ్యేది అట్లాగే. పెండ్లికూతురి కాళ్లకు పెట్టిన ఎరుపూ, బట్ట కొసన అద్దిన పసుపూ ఒకే కొమ్ములోంచి వచ్చినవి. కొన్ని ఇళ్లలో జీలకర్ర-బెల్లం వేళకే ఈ బట్టలు కట్టిస్తారు, కొన్ని ఇళ్లలో తాళి కట్టే ముందు. ఎప్పుడు కట్టించినా అంతవరకూ ఒంటిమీదున్న పట్టుచీర విప్పాల్సిందే. ఈ బట్ట గొప్పతనమంతా ఆ విప్పడంలోనే ఉందని నా నమ్మకం. లక్ష రూపాయల కంచిపట్టుతో పీటలమీదికొచ్చిన పిల్లా, అప్పు చేసి తెచ్చిన చీరతో వచ్చిన పిల్లా ఆ ఘడియలో ఒకే నూలుబట్టలోకి వస్తారు. వరుడికీ అదే బట్ట, అదే అంచు. మన పెండ్లిలో ఆలుమగలు ఒకే నేతలో కనిపించేది అప్పుడే. ఖర్చు ఇంతింతగా పెరిగిన పెండ్లిలో అన్నిటికన్నా ముఖ్యమైన వేళను అన్నిటికన్నా చవకైన బట్టకు ఇచ్చిన పెద్దల ఆలోచనకు నేను చేతులెత్తి మొక్కుతాను.

దాన్ని మనమే పాడు చేసుకున్నాం. అంగళ్లలో సెట్లుగా అమ్మే మధుపర్కాల్లో పాలిస్టరు కలిసినవి ఎక్కువైపోయాయి, అంచుకు తళుకు జరీ అంటించినవి ఎక్కువైపోయాయి. పట్టుచీర విప్పకుండా పైన భుజాలమీద కప్పి, ఫొటో కాగానే మడిచి పక్కన పెట్టే పెండ్లిళ్లూ ఉన్నాయి. విప్పడమే లేనప్పుడు ఆ బట్టకు పనేముంది? ఇట్లాంటి మధుపర్కాన్ని చూస్తూ పెరిగిన అమ్మాయి "ఇదెందుకు మా నాకు?" అని తల్లినడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే.

చర్చి తెలుపు వేరే దారిన వచ్చింది. ఊరంతా సాదా తెలుపును భర్త పోయిన ఆడదానికి కేటాయించిన కాలంలో, పెండ్లినాడు కూతురికి ఎర్ర అంచు లేని తెల్లచీర తొలిసారి కట్టించిన తల్లి ఎవరో గాని, ఆమెకు చాలా గుండెనిబ్బరం కావాల్సి వచ్చి ఉంటుంది. చుట్టుపక్కల ఆడవాళ్లు అశుభమన్నదాన్ని ఆమె శుభం చేసింది. ఆ ధైర్యం పట్ల గౌరవం లేకుండా ఇవాళ తెల్లచీరను పాతకాలపు పద్ధతని తోసిపుచ్చడం తప్పు.

అయితే ఆ తెలుపు వయసెంతో కూడా తెలుసుకోవాలి. విక్టోరియా రాణి తెల్ల సాటిన్ గౌనులో పెండ్లాడింది 1840 ఫిబ్రవరి 10న. అంతకుముందు ఇంగ్లండులో పెండ్లికూతురు తనకున్నవాటిలో మంచి గౌను వేసుకొని గుడికి పోయేది; అది నీలమైనా, గోధుమరంగైనా, ఎరుపైనా ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. రాణి స్పిటల్‌ఫీల్డ్స్ పట్టునూ డెవన్ ప్రాంతపు హానిటన్ లేసునూ ఎంచుకోవడంలో, కూడు కరువైన సొంత దేశపు చేతిపనివాళ్లను ఆదుకోవాలన్న ఉద్దేశమూ ఉంది. ఇక మన వైపు చూస్తే, అమెరికన్ ఆర్కాటు మిషన్ తరఫున జేకబ్ చాంబర్లిన్ మదనపల్లెలో పని మొదలుపెట్టింది 1863లో. మధ్యలో 23 ఏళ్లే. మిషన్ బంగళా మదనపల్లెలో లేచేనాటికి తెల్ల పెండ్లిగౌను ఆ పడమటి దేశాల్లోనే ఒక తరం ఎరిగిన కొత్త పద్ధతి, అదీ కలిగినవాళ్ల ఇళ్లలో. మనం దాన్ని ఆదినుంచీ ఉన్న నియమంగా తీసుకున్నాం.

వేదగ్రంథం ఏమంటుందని పెద్దలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ప్రకటన గ్రంథం 19వ అధ్యాయంలో గొర్రెపిల్ల భార్య తెల్లని సన్నపు నారబట్ట కట్టుకుంటుంది. యెషయా మొదటి అధ్యాయంలో పాపానికి రక్తవర్ణం, క్షమాపణకు మంచు తెలుపు. ఎరుపంటే సంఘపెద్దలు వెనుకాడటానికి మూలం ఇక్కడుంది. కానీ అదే గ్రంథంలో 45వ కీర్తన అచ్చంగా పెండ్లి కీర్తన. అందులో రాకుమార్తె బంగారు అల్లికతో, రంగురంగుల కుట్టుపనితో రాజు ముందుకు వస్తుంది. సామెతల చివరి అధ్యాయంలో గుణవతియైన ఇల్లాలు తన ఇంటివారికి రక్తవర్ణపు బట్టలు తొడుగుతుంది, అందుకు ఆమెను పొగుడుతారు. ఒకే పుస్తకంలో ఎరుపు పాపమూ అయింది, ఇల్లాలి సమర్థతా అయింది. పెండ్లినాడు ఒక వాక్యాన్నే పట్టుకొని రెండోదాన్ని మూసెయ్యడం సరైన చదువు అనిపించదు.

కేరళ సిరియన్ క్రైస్తవులు ఈ చిక్కును ఎప్పుడో విడదీసుకున్నారు. పెండ్లికూతురు తెల్లచీరతోనో లేత మీగడరంగు చీరతోనో చర్చిలోకి వస్తుంది. తాళి కట్టాక వరుడు తెచ్చిన మంత్రకోడి అనే పట్టుచీరను ఆమె తలమీదుగా కప్పుతారు. దానికి రంగు ఉంటుంది, చాలాసార్లు ఎరుపే. ఆ రంగుకు గురువుగారి దీవెన కూడా అందుతుంది. మన వైపు చర్చి పెండ్లిలో రంగు ఆరాధన ముగిసి, భోజనాలయ్యి, సాయంత్రం రిసెప్షన్‌కు గాని లోపలికి రాదు. పట్టుచీర అదే అమ్మాయిదే, అదే రోజుదే. దీవెన మాత్రం తెలుపుకే. చర్చిలో ఎరుపు అడిగే పిల్ల కోరేది ఆ వేళ మార్పు. ఆమె సంఘాన్ని ధిక్కరించడం లేదు, సాయంత్రం చీరను పొద్దునకు తెస్తోంది.

కుప్పం దాకా పోతే ఈ వాదనే మారిపోతుంది. ఒక పక్క క్రిష్ణగిరి, ఇంకో పక్క కోలారు. అరవం, కన్నడం కలిసిన ఇండ్లు ఎక్కువ. అరవ సంబంధాల్లో ముహూర్తానికి కట్టే కూరై పుడవై ఎరుపులోనో లక్క రంగులోనో ఉండటమే ఆచారం. కన్నడ బ్రాహ్మణ ఇండ్లలో ధారె సీరె మన మధుపర్కానికి దగ్గర: తెలుపు లేక మీగడరంగు, ఎర్ర అంచు. మదనపల్లెలో ఎర్ర ముహూర్తపుచీర మొండితనం. కుప్పంలో అదే చీర మేనత్త తెచ్చిన సారె. పుంగనూరు ఈ రెంటికీ నడుమ ఉంది, అక్కడి పెండ్లిళ్లలో రెండు పద్ధతులూ ఎదురుపడతాయి. ఒక నియోజకవర్గం దాటితే మారిపోయేదాన్ని ధర్మమనడానికి నాకు నోరు రాదు. దాన్ని వాడుక అనవచ్చు. వాడుకకు విలువ ఉంది. ఆ విలువను కారణాలతో నిలబెట్టుకోవాలి.

సినిమావాళ్ల పెండ్లిళ్లను విమర్శకు తేవడం నాకు అంత ఇష్టం లేకపోయినా ఈ విషయంలో తప్పదు, ఎందుకంటే చీరలంగడిలో ఫోను తీసి చూపించేది ఆ ఫొటోలే. సమంత 2017 అక్టోబరులో గోవాలో క్రైస్తవ పద్ధతిలో జరిగిన పెండ్లిలో తెల్లగౌను వేసుకున్నారు. 2024లో ఆ గౌనును నల్లటి దుస్తుగా మార్పించి మళ్లీ ధరించారు. 2025 డిసెంబరు 1న కోయంబత్తూరు ఈశా కేంద్రంలోని లింగభైరవి సన్నిధిలో రెండో పెండ్లికి ఎర్రచీర కట్టుకున్నారు. శోభిత ధూళిపాళ 2024 డిసెంబరు 4న హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియోలో జరిగిన పెండ్లిలో మొదట బంగారురంగు కంచిపట్టు కట్టి, ఆ తర్వాత ఎర్ర అంచు తెల్లచీరలోకి మారారు. అందుకోసం శ్రీకాకుళం వైపు పొందూరులో ఖద్దరు నేయించారని అప్పుడు అందరూ చెప్పుకున్నారు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో సన్నగా వడికే ఊరు అది.

ఈ ఇద్దరి ఎంపికల్లో నాకు ఎక్కువ నచ్చింది పొందూరు బట్ట. కారణం రంగు కాదు. మధుపర్కానికి పోయిన మర్యాదను అది తిరిగి తెచ్చింది: నిజమైన నూలు, నేసిన ఊరి పేరు, పట్టు విప్పి దాన్ని కట్టుకోవడం. సమంత గౌను విషయంలో నన్ను ఆలోచింపజేసింది 2024 నాటి మార్పు. ఒకరోజు బట్టగా బీరువాలో ఉండాల్సినదాన్ని మళ్లీ వేసుకొనే బట్టగా చేయించడం చిన్న సంగతి కాదు. అది చేయించగల దర్జీలు, ఖర్చు ఆమెకున్నాయి. మదనపల్లెలో చర్చి పెండ్లి చేసుకున్న టీచరమ్మకో, మిషన్ ఆసుపత్రి నర్సమ్మకో లేవు. ఆమె తెల్లచీర ఆ రోజుతో సరి. మళ్లీ ఎవరి పెండ్లికీ కట్టుకోను కుదరదు, తెల్ల పట్టయితే ఏళ్లు గడిచేకొద్దీ పసుపుబారుతుంది. ఎర్రపట్టు అట్లా పడి ఉండదు. మరిది పెండ్లికి కడుతుంది, క్రిస్మసుకు కడుతుంది, కూతురి ప్రధానానికి కడుతుంది. చర్చిలో ఎరుపును సమర్థించడానికి నాకు ఇంతకన్నా గట్టి కారణం అక్కరలేదు: పేదింట్లో పెండ్లిచీర మీద పెట్టిన ప్రతి రూపాయీ మళ్లీ పనికిరావాలి.

అదే కొలత ఎర్ర లెహంగాకు పెడితే అది నిలవదు. అది మన వైపుకు ఉత్తరాది పెండ్లిళ్ల నుంచి, సినిమాల మీదుగా వచ్చింది. వచ్చినందుకు అభ్యంతరం లేదు. మన బట్టల్లో సగం ఎక్కడినుంచో వచ్చినవే. కానీ దాన్ని కొంటే ఆ రోజుకే కొనాలి, లేదంటే బెంగళూరులో ఒకరోజు అద్దెకు తేవాలి. పీటలమీద చాలాసేపు కూర్చొని, వంగి, చేతులెత్తి తలంబ్రాలు పోసే పెండ్లికి ఆ బరువు, ఆ కుచ్చిళ్లు, లోపలి గట్టి వల పనికిరావు. పెండ్లికూతురు లేచి కూర్చోవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వస్తోంది. అన్నిటికన్నా పెద్ద నష్టం ఇంకొకటి. లెహంగా మీద మధుపర్కం కట్టలేరు, కనుక అది కొంగులా భుజాన వేలాడి ఊరుకుంటుంది. ఆలుమగలిద్దరూ ఒకే చవక బట్టలో ఉండే ఆ ఒక్క ఘడియా పోతుంది. చర్చి పిల్ల ఎరుపు ఆమె పెండ్లికి ఒక దాన్ని కలుపుతోంది. లెహంగా ఎరుపు ఒక దాన్ని తీసేస్తోంది. అమ్మాయికి ఎరుపే ఇష్టమైతే గౌరీపూజకు ఎర్రపట్టు కట్టనీ, అప్పగింతలకు కట్టనీ, రిసెప్షన్‌కు ఆ లెహంగానే వేసుకోనీ. మధుపర్కం ఘడియ ఒక్కటి వదిలిపెట్టమని బతిమాలుతాను. అది నిజమైన నూలులో దొరికేటట్టు చూడాల్సిన బాధ్యత మాత్రం పెద్దవాళ్లది.

ఈ వాదనంతా జరిగే ఊరు పట్టునేత ఊరు. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గాల మీద పట్టుచీరలు నేసేవాళ్లు తరాలుగా ఉన్నారు. పలమనేరు, కుప్పం, పుంగనూరు పొలాల్లో మల్బరీ పండుతుంది, పట్టుపురుగులు పెరుగుతాయి. పెండ్లికూతురు తెలుపా ఎరుపా అని ఇంట్లో వారంపాటు తేలదు గాని, అది ఎవరి మగ్గం మీద నేసిందన్న ప్రశ్న ఒక్కరూ వెయ్యరు. విక్టోరియా తెలుపును ప్రపంచమంతా అనుకరించింది, ఆమె తన నేతగాళ్లనూ లేసు అల్లేవాళ్లనూ తలచుకున్న సంగతిని ఎవరూ అనుకరించలేదు.

నేనయితే చర్చి పెండ్లికి ఎరుపు అడిగే పిల్లను నేరుగా నీరుగట్టువారిపల్లెకు తీసుకుపొమ్మంటాను. మధుపర్కంలో ఒళ్లు తెలుపు, అంచు ఎరుపు. దాన్ని తిరగేసి ఒళ్లు ఎరుపు, అంచు తెలుపు నేయించుకోవచ్చు. అంచు తెలుపుండటం వల్ల గురువుగారికి, అవ్వకు కొంత ఊరట. మేలిముసుగు తెలుపు దానికి కుదురుతుంది. పని కొంచెం ఎక్కువే. ఒంటి రంగు అంచులోకి పాకకుండా తేటగా విడిపోవాలంటే ఒంటికి ఒక నాడె, అటూ ఇటూ అంచులకు చెరొకటి ఆడించి, కలిసేచోట పోగుకు పోగు మెలివెయ్యాలి. చాలాసార్లు పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి. అందుకని పెండ్లి పత్రిక అచ్చుకు ఇవ్వకముందే, నిశ్చితార్థం అయిన వారంలోనే పోయి మాట్లాడుకోవాలి. బయానా ఇచ్చేటప్పుడు ఎరుపు ఏ ఛాయలో కావాలో పోగు రంగు చూసి ఖాయం చేసుకోవాలి. మధుపర్కాలు కావాల్సిన ఇంటివాళ్లు కూడా అదే రోజు వెంట పోతే మేలు. పట్టు నేసే ఇండ్లలో నూలు దొరకకపోయినా, నూలు మగ్గం ఎక్కడుందో వాళ్లకు తెలుసు.