ముద్ర, లోహం: కళాశాలల నాణ్యతా పత్రాలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం: నాణ్యతా నిర్వహణ వ్యవస్థ ప్రయోజనం అది పుట్టించిన పత్రాల సంఖ్యలో లేదు. ఆ పత్రాలను చదివి ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారన్నదే దాని కొలత. ఐఎస్ఓ 9001 ప్రమాణంలో వచ్చిన మార్పులను, న్యాక్ గుర్తింపు కోసం కళాశాలలు సిద్ధం చేసే పత్రాలను ఈ వ్యాసం ఆ దృష్టితో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నాణ్యతా నిర్వహణ, న్యాక్, ఐఎస్ఓ 9001, ఉద్దిష్ట పాఠకుడు, ఛందోబోధన.

1. ఉపోద్ఘాతం

నాణెం, నాణ్యం అనే మాటల చుట్టరికం తెలుగువారికి కొత్త కాదు. నాణెం మీద ముద్ర ఉంటుంది, ముద్ర కింద లోహం ఉంటుంది. ముద్ర అనవసరం కాదు. అది లేకపోతే నాణెం చేతులు మారిన ప్రతిసారీ లోహాన్ని పరీక్షించుకోవలసి వస్తుంది. అయితే టంకశాల దృష్టి అంతా ముద్ర మీదనే నిలిచినప్పుడు లోహం సంగతి అడిగేవారుండరు. ఉన్నత విద్యాసంస్థల్లో నాణ్యతా నిర్వహణ ఇంచుమించు ఈ దశకు చేరింది.

2. కర్మాగారం నేర్పిన పాఠం

1924లో వాల్టర్ షూహార్ట్ నియంత్రణ పటాన్ని తొలిసారి ప్రతిపాదించిన లేఖ సుమారు ఒక పుట మాత్రమే. ప్రతి ప్రక్రియలోనూ సహజమైన హెచ్చుతగ్గులుంటాయి, వాటిని ప్రత్యేక కారణం వల్ల వచ్చిన మార్పుతో కలగాపులగం చేయరాదన్నది ఆ పటం వెనుక ఉన్న ఆలోచన. ఆయన ప్రభావంతో ఎదిగిన ఎడ్వర్డ్స్ డెమింగ్ తన చక్రంలో 'తనిఖీ' కంటే 'అధ్యయనం' అన్న మాటకే మొగ్గు చూపాడు. తనిఖీ ఉందో లేదో చూస్తుంది. అధ్యయనం ఎందుకని అడుగుతుంది.

1987లో వెలువడిన ఐఎస్ఓ 9001 ప్రమాణం పత్రాలకు పెద్దపీట వేసింది. 2000 నాటి సవరణలో తప్పనిసరి లిఖిత విధానాలు 6కు తగ్గాయి. 2015 సవరణలో ఆ 6తో పాటు నాణ్యతా కరదీపిక కూడా తప్పనిసరి జాబితా నుంచి తొలగింది. సంస్థ తన పనికి ఏ లిఖిత సమాచారం అవసరమో చాలావరకు తానే నిర్ణయించుకోవచ్చు. కర్మాగారాల ప్రమాణం పత్రభారాన్ని ఇలా దించుకుంటూ ఉండగా విద్యాసంస్థలు దాన్ని తలకెత్తుకోవడం గమనార్హం.

3. పత్రానికి పాఠకుడెవరు?

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 1994లో బెంగళూరు కేంద్రంగా న్యాక్‌ను నెలకొల్పింది. 7 ప్రమాణాంశాల కింద స్వీయ అధ్యయన నివేదిక, అంతర్గత నాణ్యతా హామీ విభాగం, ఏటా పంపవలసిన వార్షిక నివేదిక ఇవన్నీ అధ్యాపకులకు సుపరిచితాలు. సాహిత్య విమర్శకుడు ఏ రచన విషయంలోనైనా వేసే ప్రశ్ననే వీటికీ వేయవచ్చు: ఇందులోని ఉద్దిష్ట పాఠకుడెవరు? స్వీయ అధ్యయనం అన్న పేరును బట్టి ఆ పాఠకుడు సంస్థే కావాలి. ఆచరణలో ఆయన బయటినుంచి వచ్చే పరిశీలకుడు. అందుకే ఈ పత్రాల్లో సందేహం కనిపించదు, 'విజయవంతంగా నిర్వహించబడింది' అన్న క్రియ మాత్రం పుటపుటకూ కనిపిస్తుంది.

4. ఒక గణవిభజన

ఛందస్సు పాఠ్యాంశాన్ని తీసుకోవచ్చు. 'విద్యార్థి పద్యానికి గణవిభజన చేయగలడు' అన్నది కోర్సు లక్ష్యం. నిర్ణీత మార్కులు దాటినవారి శాతాన్ని బట్టి సాధనస్థాయిని లెక్కించి పట్టికలో నింపుతారు. లెక్క సరైనదే. కానీ తప్పు ఎక్కడ జరుగుతోందో ఆ అంకె చెప్పదు.

సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందని నేర్చిన విద్యార్థి ఆ సూత్రాన్ని అన్నిచోట్లా వర్తింపజేస్తాడు. తెలుగులో వేర్వేరు పదాల మధ్య సాధారణంగా అలా జరగదనీ, సంస్కృత సమాసంలో జరుగుతుందనీ అతనికి పట్టుబడదు. ఇక్కడ లోపం గణాలది కాదు, సమాసాన్ని గుర్తించలేకపోవడానిది. పాఠ్యప్రణాళికలో సమాసాలు ఛందస్సు తరువాత వస్తుంటే క్రమాన్ని మార్చుకోవాలి. మూల్యాంకనం చేసిన అధ్యాపకుడు ఈ సంగతిని నాలుగు వాక్యాల్లో రాసి శాఖా సమావేశం ముందుంచితే అది నాణ్యతా పత్రమవుతుంది. సాధనస్థాయి పట్టిక ఆ స్థానాన్ని భర్తీ చేయలేదు.

షూహార్ట్ హెచ్చరిక ఇక్కడ కూడా వర్తిస్తుంది. ఉత్తీర్ణత ఒక ఏడాది కొద్దిగా తగ్గగానే 'దిద్దుబాటు చర్య' రాయడం, మరుసటి ఏడాది దానంతట అది పెరిగితే ఆ చర్య ఫలితమని నమోదు చేయడం తరచుగా కనిపించే తంతు. చిన్న తరగతిలో ఇద్దరు విద్యార్థుల ఫలితమే శాతాన్ని తారుమారు చేస్తుంది.

5. భాష అడ్డంకి, బదిలీ అవసరం

తెలుగులో బోధించి, తెలుగులో చర్చించుకునే శాఖ తన లక్ష్యాలను బ్లూమ్ వర్గీకరణ నుంచి ఎత్తిన ఆంగ్ల క్రియాపదాలతో రాస్తుంది. 'అన్వయం' అన్న మాటకు తెలుగు వ్యాకరణ సంప్రదాయంలో ఉన్న నిర్దిష్టార్థం ఆ అనువాదంలో మిగలదు. తన పనిని తన పరిభాషలో వర్ణించుకోలేని శాఖకు ఆ వర్ణన ఉపయోగపడుతుందని ఆశించడం కష్టం. మూల నమోదు తెలుగులో ఉండి, పైకి పంపే సారాంశం మాత్రమే ఆంగ్లంలో ఉంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

పత్రాలే వద్దనడం దీనికి పరిష్కారం కాదు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో అధ్యాపకులు బదిలీ అవుతారు, పదవీ విరమణ చేస్తారు. వారితోపాటు ఏ పాఠం ఏ పద్ధతిలో పండింది, ఏది పండలేదన్న అనుభవం కూడా వెళ్లిపోతుంది. కొత్తగా చేరిన అధ్యాపకుడు జూన్ నెలలో తెరిచి చదవదగిన ఒక పుస్తకం శాఖలో ఉండడమే నాణ్యతా వ్యవస్థ చేయగల అసలైన మేలు.

అందుకు చోటు ఇప్పటికే ఉంది. న్యాక్ నమూనాలో 'ఉత్తమ విధానాల' కింద విజయ నిదర్శనాల తరువాత 'ఎదురైన సమస్యలు' అన్న ఉపశీర్షిక వస్తుంది. దాన్ని నిధుల కొరత, సమయాభావం అన్న రెండు మాటలతో ముగించడం పరిపాటి అయింది. ఒక విధానాన్ని అమలు చేస్తున్నప్పుడు అందులో ఏ భాగం పనిచేయక వదిలేయవలసి వచ్చిందో, ఎందుకు వదిలేశారో అక్కడ ఒక పేరా రాయవచ్చు.