‘ది బుక్‌షాప్’: మర్యాదస్తుల హింస

మనిషిని కొట్టకుండా, తిట్టకుండా, గొంతు కూడా పెంచకుండా వీధిలోకి నెట్టడం ఎలాగో తెలుసుకోవాలంటే పెనెలపీ ఫిట్జెరాల్డ్ రాసిన ‘ది బుక్‌షాప్’ చదవాలి. 1978లో వెలువడిన ఈ చిన్న ఇంగ్లీషు నవల ఆ యేడు బుకర్ బహుమతి తుది జాబితాకెక్కింది. రచయిత్రి (1916-2000) మొదటి నవల అచ్చయ్యేనాటికి ఆమెకు అరవై యేళ్ళు. అంతకుముందు, 1950ల చివర, సఫోక్ సముద్రతీరాన సౌత్‌వోల్డ్‌లో ఒక పుస్తకాల దుకాణంలో పనిచేసింది. నవలలోని హార్డ్‌బరో అనే రేవూరికి ఆ అనుభవమే ఆధారం. చదువుతున్నంతసేపూ పెదవిమీద నవ్వు వుంటుంది గాని, పుస్తకం మూసేసరికి ఆ నవ్వు మిగలదు.

కథాకాలం 1959. ఫ్లారెన్స్ గ్రీన్ అనే మధ్యవయసు వితంతువు, భర్త వదిలిపోయిన కాస్త సొమ్ముకు బ్యాంకు అప్పు జతచేసి, ‘ఓల్డ్ హౌస్’ అనే పాడుబడిన ఇల్లు కొని పుస్తకాల దుకాణం పెడుతుంది. గోడలనిండా చెమ్మ, లోపల దయ్యం. దయ్యానికి వూరివాళ్ళు అలవాటు పడ్డారు. వాళ్ళ భయమంతా జనరల్‌గారి భార్య మిసెస్ గామార్ట్‌కే. యేళ్ళ తరబడి ఖాళీగా పడివున్న ఆ ఇంటిని మరొకరు కొన్నాక గాని, అక్కడ కళాకేంద్రం పెట్టాలన్న కోరిక ఆమె బయటపెట్టలేదు.

ఇక్కడినుంచి హాస్యం పదునెక్కుతుంది. అద్దె పుస్తకాల విభాగంలో మేరీ రాణి జీవితచరిత్ర కోసం వూరి పెద్దలంతా ఎగబడతారు. ఇతరులకు తీసిపెట్టిన పుస్తకాలు కెలుకుతున్న మిసెస్ గామార్ట్ వేళ్ళమీద, అక్కడ పనిచేసే చిన్నపిల్ల క్రిస్టీన్ గిపింగ్ ఒక్కటి వేస్తుంది. నవల మొత్తంమీద ఆ దొరసానికి తగిలిన దెబ్బ అదొక్కటే. తర్వాత ‘లొలీటా’ 250 ప్రతులు వస్తాయి. కిటికీ ముందు జనం మూగితే, దారికి అడ్డమని ప్లీడరు ఉత్తరం వస్తుంది. పసిపిల్లచేత పని చేయిస్తున్నారని తనిఖీ వస్తుంది. చివరకు మిసెస్ గామార్ట్ మేనల్లుడు, పార్లమెంటు సభ్యుడు, పాత భవనాలను స్థానిక ప్రభుత్వాలు నిర్బంధంగా కొనవచ్చునని బిల్లు తెస్తాడు. అది చట్టమవుతుంది. ఇల్లు పోతుంది. నేలకింద నీరుంది గనక నష్టపరిహారం కూడా లేదు. ఆ ఇల్లు చెమ్మదని సంతకం పెట్టినవాడు, ఆమెతో స్నేహంగా మెలిగిన బి.బి.సి. ఉద్యోగి మైలో నార్త్.

ఇందులో చట్టం మీరినవాళ్ళెవరో చెప్పండి. బ్యాంకు మేనేజరు, ప్లీడరు, తనిఖీ అధికారి, పార్లమెంటు సభ్యుడు, అందరూ తమతమ విధులే నిర్వర్తించారు. రాజ్యయంత్రం ఎవరిదో సిద్ధాంత గ్రంథాలు వందల పేజీల్లో చెప్పేదాన్ని ఫిట్జెరాల్డ్ ఒక తేనీటి విందులో చూపించగలదు. ఆమె గొప్పతనం అదే. ఆ యంత్రానికి ఎదురునిలిచిన ఒకేఒక్క పెద్దమనిషి, పాతవంశపు వృద్ధుడు బ్రండిష్. మిసెస్ గామార్ట్ ఇంటికి వెళ్ళి, ఆ మనిషి జోలికి పోవద్దని చెప్పి, బయటికొచ్చి వీధిలో కూలి చనిపోతాడు. కళాకేంద్రాన్ని అభినందించడానికే ఆయన వచ్చాడని తర్వాత జనరల్ ప్రకటిస్తాడు. ఒంటరి ధైర్యం ఎంత దూరం పోగలదో, చచ్చినవాడి సాక్ష్యం ఎవరి చేతుల్లో పడుతుందో ఇంతకంటె క్లుప్తంగా చెప్పడం కష్టం.

అయినా నవలకు గుండెకాయ క్రిస్టీన్ కథ అని నా అభిప్రాయం. 1944 విద్యాచట్టం ఇంగ్లండులో సెకండరీ చదువును ఉచితం చేసింది. ఐతే పదకొండో యేటి పరీక్ష కొద్దిమందిని గ్రామర్ స్కూళ్ళకు పంపి, తక్కినవాళ్ళను పక్కకు నెట్టేది. అద్దె పుస్తకాల వ్యవహారమంతా ఒంటిచేత్తో నడిపిన క్రిస్టీన్ ఆ పరీక్ష పోగొట్టుకుంటుంది. ఇక తన కూతురు కాయకష్టం చేసుకునేవాణ్ణే కట్టుకుని బతుకంతా బట్టలారేసుకుంటూ గడపాలని తల్లికి ఆ క్షణానే తెలిసిపోతుంది. ఆ తల్లి ఏడవదు, ఎవరినీ తిట్టదు. పదకొండేళ్ళకే ఒక మనిషి భవిష్యత్తు ఖాయం చేసిన వ్యవస్థమీద ఇంతకు మించిన అభియోగపత్రం నాకు కనిపించలేదు.

నా తగాదా మరొకచోట వుంది. నవల ఆరంభంలో ఒక కొంగ మలుగుచేపను నోట కరుచుకుని ఎగురుతుంటుంది. మింగలేక కొంగ, తప్పించుకోలేక చేప. తర్వాత రచయిత్రి మనుషుల్నికూడా చంపేవాళ్ళూ చచ్చేవాళ్ళూ అని రెండుగా విడదీసి, పై చేయి ఎప్పుడూ చంపేవాళ్ళదేనంటుంది. నేను ఒప్పుకోను. కొంగకు బ్యాంకు లేదు, ప్లీడరు లేడు, పార్లమెంటులో మేనల్లుడు లేడు. కొంగ తన ముక్కుతోనే వేటాడుతుంది; మిసెస్ గామార్ట్ సమాజం చేతులతో వేటాడింది. ఆ చేతులన్నిటినీ ఒక్కొక్కటిగా మనకు చూపించిన రచయిత్రే, తీర్పు చెప్పేటప్పుడు నేరాన్ని ప్రకృతిమీదికి నెట్టేస్తుంది. ప్రకృతిని మార్చలేం గనక, పాఠకుడు నిట్టూర్చి వూరుకోవాలి.

నవల చివర ఎర్రజెండా ఎగరాలని నేను కోరడంలేదు. ఆ వూళ్ళో, ఆ యేడు, ఫ్లారెన్స్‌కు తోడు నిలిచే సంఘమేదీ లేదు. చిన్న వ్యాపారి ఒంటరితనం నిజమైనదే. రచయిత్రి చూపించిన వాస్తవం ఆమె చెప్పిన వేదాంతంకంటె పెద్దదని మాత్రమే నేనంటున్నాను.

దీనికి నవలలోనే ఒక సాక్ష్యముంది. సర్వం పోయాక ఫ్లారెన్స్ దగ్గర మిగిలిన రెండు పుస్తకాల్లో ఒకటి రస్కిన్ రాసిన ‘అన్ టు దిస్ లాస్ట్’. శ్రమకు న్యాయం లేని అర్థశాస్త్రం శాస్త్రమే కాదని 1860లో వాదించిన పుస్తకమది. 1904లో దక్షిణాఫ్రికా రైల్లో దాన్ని చదివిన గాంధీ, 1908లో ‘సర్వోదయ’ పేరిట గుజరాతీలోకి తెచ్చాడు. ఫిట్జెరాల్డ్ దానిమీద ఒక్కమాట వ్యాఖ్యానించదు. అది ఎన్నడూ పెద్దగా అమ్ముడుపోలేదని మాత్రం చెబుతుంది. కొంగ బొమ్మతో మొదలైన నవల, ఆ బొమ్మను కాదనే పుస్తకాన్ని నాయిక చేతిలో పెట్టి ముగుస్తుంది. ఈ నవలను తరగతిలో చెప్పే ఉపాధ్యాయులు క్రిస్టీన్ పరీక్ష దగ్గరా, రస్కిన్ పుస్తకం దగ్గరా కాసేపు ఆగాలని నా మనవి.