ఇల్లు విడుచుటయు, ఇంట నిలుచుటయు

భర్తచే బాధింపబడు స్త్రీకి విముక్తి యనగా ఇల్లు విడుచుటయే యని తెలుగు నవలావిమర్శ చాలకాలముగా తలంచుచున్నది. చలముగారి 'మైదానము'లో రాజేశ్వరి ప్లీడరైన భర్తను విడిచి అమీరుతో వెడలిపోవును. ఆ భర్త హింసకుడు కాడు. అయినను గడప దాటుట స్వేచ్ఛకు గుర్తుగా నిలిచినది. రంగనాయకమ్మగారి 'జానకి విముక్తి'లో జానకియు, ఓల్గాగారి 'స్వేచ్ఛ' (1987)లో అరుణయు ఆ గడపనే దాటిరి. 1879 నాటి ఇబ్సెను నాటకమున నోరా మూసిన తలుపును ఈ సందర్భమున స్మరించుట పరిపాటి. పోలిక సరియైనదే. కాని గడప దాటవలసినవాడు భర్త యేల కారాదను ప్రశ్న ఆ పోలికలో మరుగుపడినది.

ఆ ప్రశ్నను శాసనము వేసినది. 2005లో చేయబడి 2006 అక్టోబరు 26 నుండి అమలులోనున్న గృహహింస చట్టము, ఇంటిపై ఎట్టి హక్కుపత్రము లేకున్నను కాపురమున్న ఇంట నిలుచుటకు స్త్రీకి హక్కు కలదని 17వ సెక్షనులో చెప్పుచున్నది. 18వ సెక్షను క్రింద మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు నీయవచ్చును. దానిని మీరినవానికి ఏడాది వరకు జైలు గాని, 20,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. 19వ సెక్షను క్రింద భర్తనే ఇల్లు వెడలుమని ఆజ్ఞాపింపవచ్చును.

ఇచ్చట నొక మాట విచార్యము. తెలుగున స్త్రీకి పుట్టినిల్లు కలదు, మెట్టినిల్లు కలదు, అత్తవారిల్లు కలదు. తన యిల్లను మాట అరుదు. అత్తగారి పేరనున్న ఇల్లు ఈ చట్టము చెప్పు కాపురపుటిల్లు కాదని 2006లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అది సరికాదని 2020 అక్టోబరు 15న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము తేల్చెను. నడుమ పదునాలుగేండ్లు 'అత్తవారిల్లు' అను పదమే కోడలికి ప్రతికూలవాదమైనది!

పుట్టినింటి సంగతి వేరు. నవలలలో అది తరచుగా 'సర్దుకొని పొమ్ము' అను చోటు. కృష్ణాజిల్లా మెట్టసీమయై, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన నందిగామ, జగ్గయ్యపేటలను చూడుడు. జగ్గయ్యపేటకు ఆవల తెలంగాణ సరిహద్దు, దాని కావల కోదాడ. కోదాడకు కోడలై పోయి, దెబ్బలు తిని జగ్గయ్యపేట పుట్టినింట తాత్కాలికముగా తలదాచుకొన్న స్త్రీ, 27వ సెక్షనును బట్టి ఇచ్చటి మేజిస్ట్రేటుకే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. మొదటి విచారణ సాధారణముగా మూడుదినములలో జరుగవలెను. అరువది దినములలో ముగించుటకు యత్నింపవలెను. ఇది చట్టపు లెక్క. వాయిదాలకు బస్సులో తిరుగువారి లెక్క వేరు.

ఈ దరఖాస్తునకు సంబంధించిన గృహసంఘటన నివేదిక సాహిత్యవిద్యార్థులు చదువదగిన పత్రము. హింస జరిగిన తేదీ, వేళ, చోటు, చేసినవారి పేరు అందు వ్రాయవలెను. కొడుకును కనలేదను నిందకును, తిండికి, బట్టకు డబ్బీయకుండుటకును వేర్వేరు గడులు కలవు. మన నుడికారము వీనినెల్ల 'ఆరళ్లు' అను మాటలో ముడివేసినది. ఆరళ్లకు తేదీ యుండదు. 'చేయి చేసుకొనెను' అను పలుకుబడిలో కొట్టినవాని చేయి కలదు గాని దెబ్బ తిన్న దేహము లేదు.

'జానకి విముక్తి'యందు విస్తరదోషము నెన్నువారు కలరు. ఈ గడులతో సరిచూచిన నా మతము మారుగానున్నది. నిత్యపీడనను పూటపూటకు, మాటమాటకు విడదీసి చెప్పుటచే ఆ నవల 'ఆరళ్ల'ను సాక్ష్యముగా మార్చినది. గడప దాటు ఘట్టము కన్న దానికి ముందున్న ప్రకరణములే ఆ రచనలో బలవత్తరములు.