మంచులో చలువ

ఉతికి తెల్లగా చేసిన పంచెను మనం చలువ పంచె అంటాం. చల్లదనానికీ తెల్లదనానికీ మనకు ఒకే మాట. జపాన్‌లో నీగాతా ప్రాంతపు ఉఓనుమా పల్లెల్లో ఆ మాట అక్షరాలా నిజం. అక్కడ బట్టను మంచు మీద పరిచి చలువ చేస్తారు.

సైబీరియా గాలి జపాన్ సముద్రం మీద తేమ తాగి, కొండలకు తగిలి ఆ పల్లెల మీద మంచు కుమ్మరిస్తుంది. నెలల తరబడి పొలం కంటికి కనిపించదు. రైతు ఇంట చేతులు ఖాళీ. ఎచిగో-జోఫు, ఓజియా-చిజిమి అనే వేసవి బట్టలు ఆ ఖాళీలోనే పుట్టాయి. మంచు వాళ్లకు తీరిక ఇచ్చి ఊరుకోలేదు, పనిలో పాలు పంచుకుంది. నన్ను కట్టిపడేసింది అదే.

దారం రామీ అనే మొక్క నారతో చేస్తారు. నారను తడిచేసుకుంటూ గోటితో వెంట్రుకల్లా చీలుస్తారు. కొసకు కొస చేర్చి వేళ్లతో మెలిపెడతారు. ఒక్క తానుకు సరిపడా దారానికే నెలలు పడుతుంది. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వే చేతులను చూసినవాళ్లకు ఈ ఓపిక కొత్తగా అనిపించదు.

నేసే మనిషి మగ్గం దగ్గర కింద కూర్చుంటుంది. పడుగు ఒక కొస మగ్గానికి, రెండో కొస ఆమె నడుము పట్టీకి. వెనక్కి వాలితే దారం బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. పొడిగాలి తగిలిందా, రామీ పోగు పుటుక్కున తెగుతుంది. చుట్టూ మంచు ఉన్నంతకాలం ఆ భయం తక్కువ. మన గుంట మగ్గంలో నేల చెమ్మ చేసే మేలు లాంటిదే ఇది.

నేసిన బట్టను వేడినీళ్లలో కాళ్లతో తొక్కుతారు. ఫిబ్రవరి, మార్చిలలో ఎండ కాసిన రోజు చూసి, మంచు కప్పిన పొలాల మీద తానులకు తానులు పరుస్తారు. పైన ఎండ, కింద మంచు. మంచునీరు ఆవిరయ్యేటప్పుడు పుట్టే ఓజోన్ బట్ట మరకలను విరుస్తుందని చెబుతారు. పది, ఇరవై రోజులు అలా ఆరితే తెలుపు తేలుతుంది, రంగులు నెమ్మదిస్తాయి. ఒకప్పుడు వసంతంలో ఈ బట్టల కోసమే సంతలు జరిగేవి. షియోజావాకు చెందిన చిజిమి వర్తకుడు సుజుకి బోకుషి ఈ మంచుసీమ బతుకంతా రాసిన పుస్తకం 1837లో అచ్చయింది.

ఈ నేతను జపాన్ 1955లో ముఖ్యమైన సాంస్కృతిక సంపదగా గుర్తించింది, 2009లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. గుర్తింపు మంచిదే, కానీ గోటితో నార చీల్చే చేతులు ముసలివైపోతున్నాయి. ఆ పని యంత్రానికి అబ్బేది కాదు.

ఏళ్ల తరబడి కట్టి మాసిన బట్టను మళ్లీ ఉఓనుమాకే పంపుతారు. మరోసారి మంచు మీద ఆరేస్తారు. ఆ రాకకు అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు ‘సాతోగాయెరి’. పెళ్లయిన ఆడపిల్ల పుట్టింటికి రావడాన్ని కూడా వాళ్లు ఆ మాటతోనే పిలుస్తారు.