మెత్తబడటం వేరు, కరగడం వేరు

ఇంగ్లిష్‌లో ‘సాఫ్ట్’ అనే విశేషణానికి ‘ఎన్’ ప్రత్యయం చేరితే ‘సాఫెన్’ అనే క్రియ వస్తుంది. రాతలో ‘టీ’ ఉంటుంది, నోట పలకదు. లిసన్, ఫాసన్, మాయిసన్ మాటల్లోనూ ఇంతే. ఎఫ్, ఎస్ ధ్వనులకూ ఎన్‌కూ మధ్య ఇరుక్కున్న ట-కారం కాలక్రమంలో రాలిపోయింది. రాత చూసి నేర్చుకున్న తెలుగువారు ‘సాఫ్టెన్’ అనడం సహజమే. అలా పలికినా వినేవారికి అర్థమవుతుంది.

ఈ ప్రత్యయం ప్రతి విశేషణానికీ అతకదు. హార్డ్, థిక్, వైట్, రెడ్, బ్లాక్ వరుసగా హార్డెన్, థికెన్, వైటెన్, రెడెన్, బ్లాకెన్ అవుతాయి. గ్రీన్, బ్లూ, యెల్లో, బ్రౌన్‌లకు అలాంటి రూపం లేదు. క, ట, డ, ప, ఫ, స వంటి ధ్వనులతో ముగిసే మాటలనే ఈ ప్రత్యయం పట్టుకుంటుంది. అచ్చులతోనో, న, మ, ల వంటి వాటితోనో ముగిసేవాటి జోలికి పోదు. లాంగ్, స్ట్రాంగ్‌లకు కూడా నేరుగా చేరలేక, లెంగ్త్, స్ట్రెంగ్త్ అనే నామవాచకాల మీదుగా లెంగ్తెన్, స్ట్రెంగ్తెన్ రూపాలు ఏర్పడ్డాయి. ఇంత చక్కని సూత్రానికి బడి వ్యాకరణంలో తప్పకుండా చోటుండాలి.

తెలుగులో వెన్న మెత్తబడుతుంది, మనిషి దాన్ని మెత్తబరుస్తాడు. ఇంగ్లిష్‌లో రెండు పనులకూ సాఫెన్ ఒక్కటే చాలు.

అర్థం దగ్గరే అసలు జాగ్రత్త అవసరం. సాఫెన్ గట్టిదనం కొంత తగ్గడాన్ని చెబుతుంది. వస్తువు రూపం పోదు. రూపమే పోతే అది మెల్ట్. కేకు తయారీలో ఈ తేడా కళ్లకు కడుతుంది. ‘సాఫెన్డ్ బటర్’ అంటే వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తని వెన్న, సుమారు 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండేది. దాన్ని చక్కెరతో గిలక్కొడితే గాలి బుడగలు అందులో చిక్కుకుంటాయి, కేకు పొంగడానికి అవే సాయం. కరిగిన వెన్న ఆ గాలిని పట్టి ఉంచలేదు. విజయవాడ ఎండల్లో ఫ్రిజ్ బయట పెట్టిన వెన్న మెత్తదనం దాటి జారిపోతుంది కనుక, వేసవిలో అక్కడ కేకు చేసేవారు ఈ మాటను మరింత శ్రద్ధగా చదవాలి. బ్రిటిష్ వంటకాల్లో ఉల్లిపాయలను సాఫెన్ చేయమంటే సన్నసెగ మీద, రంగు మారకుండా మగ్గనివ్వమని. మన కూరలకు వేయించినట్టు ఎర్రగా వేయించడం కాదు.

గాజు పరిశ్రమలోనూ ఈ మాటే వాడతారు. గాజుకు కచ్చితమైన ద్రవీభవన స్థానం లేదు. వేడి చేసేకొద్దీ క్రమంగా మెత్తబడుతుంది. అందుకే దానికి ‘సాఫెనింగ్ పాయింట్’ చెబుతారు. కిటికీలకు వాడే మామూలు గాజుకు అది 700 డిగ్రీల పైచిలుకు. నీటి విషయంలో మాత్రం గట్టి, మెత్త అన్నవి తాకి తెలుసుకునేవి కావు. బోరు నీటిలోని కాల్షియం, మాగ్నీషియంలను తీసేయడమే సాఫెనింగ్. అపార్ట్‌మెంట్లలోని సాఫ్ట్‌నర్ యంత్రంలో రెజిన్ పూసలు వాటిని పట్టుకుని, బదులుగా సోడియంను వదులుతాయి. అప్పుడప్పుడు ఉప్పునీటితో కడిగితే పూసలు మళ్లీ పనికొస్తాయి.

నలుగురి మాటల్లోకి వచ్చినా ‘కొంత తగ్గడం’ అనే అర్థం చెదరదు. చెడువార్తను నెమ్మదిగా చెప్పి ‘బ్లో’ను సాఫెన్ చేస్తే దెబ్బ తగలకుండా పోదు, తీవ్రత తగ్గుతుంది. ధరలు సాఫెన్ అయ్యాయంటే కాస్త దిగాయని, కుప్పకూలాయని కాదు. ఒక నాయకుడు తన ‘స్టాన్స్’ సాఫెన్ చేశారన్న వార్తను తెలుగులో ‘వెనక్కి తగ్గారు’ అని రాస్తే తప్పు. ఆయన పట్టు సడలించారు, వదల్లేదు. చర్చల వార్తల్లో ఈ పొరపాటు చిన్నది కాదు. దాన్ని నమ్మి పాఠకుడు జరగని రాజీని జరిగిందనుకుంటాడు.

‘అప్’ చేరితే మాత్రం కథ మారుతుంది. ‘సాఫెన్ అప్’ అంటే తర్వాతి పనికి ఎదుటివారిని ముందుగా లొంగదీయడం. రెండో ప్రపంచ యుద్ధకాలపు వార్తల్లో, పదాతి దళం కదిలేముందు బాంబులతో శత్రు స్థావరాలను బలహీనపరచడానికి ఈ మాట వాడారు. ఇళ్లలో, ఆఫీసుల్లో అది పొగడ్తకో, ఇష్టమైన వంట వండిపెట్టడానికో వర్తిస్తుంది. అడగబోయే కోరిక ఒకటి వెనక ఉందన్న సూచన ‘అప్’ నుంచే వస్తుంది. దాన్ని తీసేస్తే వాక్యంలో ఆ ఎత్తుగడ కనిపించదు.