పళ్లెం అంచు మీద

మొన్న ఆదివారం టీవీలో ‘సాగర సంగమం’ వేశారు. 1983 నాటి సినిమా, ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. తప్పతాగిన కథానాయకుడు బాలు వానలో నూతి గట్టు మీద ఆడుతుంటే మళ్లీ కళ్లు చెమర్చాయి. దర్శకుడు విశ్వనాథ్ గారంటే నాకు ఎంతో భక్తి. అయినా పిల్లలకు కూచిపూడి నేర్పేదాన్ని కాబట్టి ఒక మాట చెప్పాలి.

సినిమా నాట్యం ఆవేశంలోంచి పుడుతుంది. గుండె బరువెక్కితే చాలు, కాళ్లు వాటంతటవే ఆడతాయి. ‘షోలే’లో బసంతి పగిలిన గాజు పెంకుల మీద ఆడింది. మాకు గజ్జెల్లోంచి ఊడిన ఒక్క మువ్వ అరికాలి కింద పడితే ప్రాణం లేచిపోతుంది. నిజానికి అదే ‘సాగర సంగమం’లో, పత్రికాఫీసులో బాలు పాటలోని ఒకే పాదాన్ని రకరకాల నాట్యరీతుల్లో ఆడి చూపిస్తాడు. అందులో ఉన్నది ఏళ్ల తరబడి చేసిన సాధన. జనానికి మాత్రం నూతి గట్టే ముందు గుర్తొస్తుంది.

సినిమాలో పాట ముందే రికార్డయి ఉంటుంది, దానికి తగ్గట్టు ముక్కలు ముక్కలుగా ఆడి అతికిస్తారు. వేదిక మీద పాట నర్తకి కోసం ఆగుతుంది. ఇది నాకు ఒకసారి కూచిపూడిలోని తరంగం చేస్తుండగా తెలిసొచ్చింది. రెండు పాదాలూ ఇత్తడి పళ్లెం అంచుల మీద ఆనించి, ఒంటి బరువును అటూ ఇటూ మారుస్తూ ముందుకు కదలాలి. ఆ రోజు వేదిక మీద తివాచీ పరిచారు. దాని అతుకు దగ్గర పళ్లెం ఇరుక్కుపోయింది. నేను చూపు దించలేదు, ముఖంలో నవ్వు చెదరనివ్వలేదు. తాళాలు వేస్తూ నట్టువాంగం పట్టిన మాస్టారు మాత్రం నా పాదాలే చూస్తున్నారు. అయిపోయిన జతిని మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు. మృదంగం వెంటనే అందుకుంది. ఆ జతి నడిచినంతసేపట్లో బరువు వెనక్కి వేసి, పళ్లెం విడిపించుకుని తాళంలో కలిశాను. సభలో ఒక్కరికీ తెలియలేదు.

అప్పటినుంచి ఏ హాలుకు వెళ్లినా నేను ముందు చూసేది నేలనే. తెర మీద ఎవరూ నేల చూడరు. అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఏమిటంటే, అక్కడ మాస్టారు ఉండరు, పక్కవాద్యాలు ఉండవు, నర్తకి ఒంటరిగా గెలుస్తుంది.

ఈసారి నాట్య ప్రదర్శనకు వెళ్తే పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. ఒక్క ఐదు నిమిషాలు నర్తకి మీంచి చూపు మరల్చి, పక్కన తాళాలు పట్టుకుని కూర్చున్నవారి కళ్లు ఎక్కడున్నాయో చూడమనండి.